ప్రార్థన జాబితాలో మావయ్య

హాలిస్ ఫెర్రీ, జార్జియా
ఆగస్టు 18, ఆదివారం

మహారాజశ్రీ లైల్ మావయ్య గారి దివ్య సముఖానికి,

ఈ ఉత్తరం వల్ల తమ మనసుకు కలగబోయే సమస్త క్లేశానికీ, ఇందులోని అక్షర దోషాలకూ, భావ దోషాలకూ, దీన్ని రాస్తున్నవాడి పుట్టుకకూ కూడా కలిపి మోకాళ్ళ మీద నిలబడి క్షమాపణ వేడుకుంటున్నాను. తమరు ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్ళిన ఈ ఆరు వారాల్లో నేను చేసిన ఘోరాలు వినండి. తమ టమాటా మొక్కల్లో రెండింటిని నీళ్ళు పొయ్యక హత్య చేశాను. మూడోది కొన ఊపిరితో ఉంది. తమ ట్రక్కును అనుమతి లేకుండా తోలుకుపోయి, ఉడికించిన వేరుశెనగకాయల ఉప్పునీళ్ళు సీటు మీద ఒలకబోశాను. తమ పిల్లి డచెస్ నన్ను మనిషి కింద లెక్కెయ్యడం లేదు. అది కూడా నా తప్పేనని ఒప్పుకుంటున్నాను. మన వంశ ప్రతిష్ఠకు ఇంత మచ్చ తెచ్చినవాడు ఇంతకుముందు పుట్టలేదు, ఇక పుట్టబోడు.

క్షమాపణలు అయ్యాయి కాబట్టి కబుర్లు.

నాలుగేళ్ళు చరిత్ర చదివిన నీ మేనల్లుడికి చర్చి ఆఫీసులో ఎంత గొప్ప బాధ్యత అప్పగించారో చెప్పానా? ప్రార్థన చీటీలు. ఆదివారం బల్లల వెనక అరల్లోంచి చీటీలు తీసి, ఎవరి కష్టం వాళ్ళు రాసి పెట్టెలో వేస్తారు. సోమవారం నేను అవన్నీ విప్పి, టైపు చేసి, బుధవారానికల్లా జాబితా చేసి పంచుతాను. ఊళ్ళో పత్రిక మూతపడి ఆరేళ్ళయినా ఎవరికీ ఆ లోటు తెలియడం లేదంటే కారణం నేనే. పోయిన వారం ఒకావిడ, ‘మా వియ్యపురాలి అహంకారం అణగాలని ప్రార్థించండి’ అని పేరు లేకుండా రాసింది. ఈ వారం నలుగురు వియ్యపురాళ్ళు చర్చికి రాలేదు.

నేనూ ఒక చీటీ వేశాను మావయ్యా. ‘మా మావయ్య స్నేహితుడు రాయిస్ గారికి డర్హమ్‌లో క్యాన్సరు చికిత్స జరుగుతోంది. మావయ్య ఆయన దగ్గరే ఉన్నాడు. స్వస్థత కోసం ప్రార్థించండి.’ ఎనిమిదేళ్ళ తర్వాత నీ ఊసు ఆ చర్చి కాగితం మీదికి వచ్చింది. పాస్టర్ డెన్నీ చూసి ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే కదా ఆయన వృత్తి. సంఘపెద్ద బర్ల్ హాచర్ గారు మాత్రం రెండుసార్లు చదివి, “మంచిది అబ్బాయ్, మంచిది” అన్నారు.

బర్ల్ గారు ఈసారి కౌంటీ కోర్టు జడ్జి పదవికి, అదే, పెళ్ళి లైసెన్సుల మీద సంతకం పెట్టే కుర్చీకి, నిలబడ్డారని నీకు తెలిసే ఉంటుంది. శనివారం పొద్దున్న మగవాళ్ళ ఫలహారాల దగ్గర ‘దేశాన్ని దేవుడికి తిరిగి అప్పగించే పని’ మొదలైంది. ఇప్పటివరకూ అప్పగించింది నలభై వేడి వేడి బిస్కెట్లూ, వాటి మీద పోసుకునే రెండు గిన్నెల సాసేజి గ్రేవీ మాత్రమే.

ఇట్లు
విధేయుడు, హంతకుడు,
ఆర్లో

*

డర్హమ్, నార్త్ కరోలినా
ఆగస్టు 27

ఒరేయ్ ఆర్లో,

నీ ఉత్తరం చదివి వినిపిస్తే రాయిస్ నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. నర్సు వచ్చి నన్ను కోప్పడింది. నీ నేరాల్లో అదొకటి చేర్చుకో.

గడ్డని ముందు మందులతో కరిగిస్తారట. ఆపరేషను అక్టోబరులో. ఆకలి లేదంటాడు గానీ మొక్కజొన్న రొట్టె పెడితే తింటున్నాడు. ఆస్పత్రి ఎదురుగానే ఒక గది తీసుకున్నాను. ఆస్పత్రి కింది హాల్లో ఒక పాత పియానో ఉంది. మధ్యాహ్నాలు కాసేపు వాయిస్తాను. మన కీర్తనలే. వేరేవి నా వేళ్ళకి రావు. నిన్న ఒక ముసలాయన పక్కన నిలబడి, “ఏ సంఘం బాబూ మీది?” అనడిగాడు. నేను ఇంకో కీర్తన ఎత్తుకున్నాను.

పందొమ్మిదేళ్ళు ఆ ఆర్గన్ వాయించానురా. బుధవారం సాయంత్రం సంఘ సమావేశంలో, కొత్త కార్పెట్టు విషయానికీ కార్లు నిలిపే స్థలం విషయానికీ మధ్యలో నా పేరు చదివారు. “సంఘంలోంచి తొలగించడానికి సమ్మతమైనవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు బర్ల్. చేతులు లేచాయి. నా తోడబుట్టిన మీ అమ్మ చెయ్యెత్తలేదు. అలాగని వద్దనీ అనలేదు. పర్సులో ఏదో వెతుక్కుంటూ కూర్చుంది. ఆ పర్సులో ఏముందా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. నీకప్పుడు పదిహేనేళ్ళు. బయట సైకిలు మీద కూర్చుని ఉన్నావు. నేను రాగానే, “ఐస్‌క్రీముకి పోదామా మావయ్యా?” అన్నావు. ఇంకేమీ అడగలేదు. ఈ ఫోన్ల కాలంలో కూడా నీకు కూర్చుని ఉత్తరాలు రాస్తున్నది అందుకే. నీ పేరు మధ్యలో నా పేరు పెట్టినందుకు మీ అమ్మని క్షమించాను. మిగతావి పరిశీలనలో ఉన్నాయి.

నీ చీటీకి సంతోషం. కానీ ఒక్క మాట. పదహారేళ్ళుగా ఒకే కప్పు కింద బతుకుతున్న మనిషిని ‘స్నేహితుడు’ అంటే నా స్నేహితులు నొచ్చుకుంటారు. వాళ్ళెవరూ నా వంట మీద ఇంతగా సణగలేదు.

అసలు సంగతి. డిసెంబరులో తిరిగి రాగానే మేం పెళ్ళి చేసుకుంటున్నాం. “ఇక్కడే చేసుకుందాం, ఎక్కడైతేనేం” అంటాడు రాయిస్. నాకు ఎక్కడైతేనేం కాదు. నేను పుట్టిన కౌంటీలో, ఆ కోర్టు మెట్లెక్కి, మా అమ్మానాన్నలు నిలబడిన కిటికీ దగ్గరే నిలబడి లైసెన్సు తీసుకోవాలి. ఆ కుర్చీలోకి తానొస్తే అలాంటి పెళ్ళిళ్ళకి సంతకం పెట్టేది లేదని బర్ల్ ఊరంతా చెబుతున్నాడటగా. అప్పుడు మేం దావా వెయ్యాలి, ఏళ్ళు పడుతుంది. రాయిస్‌కి అన్ని ఏళ్ళున్నాయో లేదో డాక్టరు చెప్పడు, నేను అడగను. అందుకని ఈసారి నా ఓటు నాకు కావాలి. పోస్టులో ఓటు పంపడానికి దరఖాస్తు పెట్టాను.

మూడో మొక్కకి ఉదయాన్నే నీళ్ళు పొయ్యి. ఎండెక్కాక కాదు.

మావయ్య

*

హాలిస్ ఫెర్రీ
సెప్టెంబరు 15

మావయ్యా,

మూడో మొక్క తమరి ఆజ్ఞ విని లేచి కూర్చుంది. పెళ్ళికబురుకి నా శుభాకాంక్షలు. తోడిపెళ్ళికొడుకుగా నా సేవలు ఉచితం. కోటు మాత్రం మీరే కొనివ్వాలి.

ఇక్కడ మహాకార్యం జరుగుతోంది. మన కౌంటీలో ఓటున్న ఎవరైనా సరే, ఇంకొకరి ఓటు మీద అభ్యంతర పత్రం పెట్టొచ్చట. ‘ఫలానా మనిషి ఆ ఇంట్లో ఉండటం లేదని నాకు స్వయంగా తెలుసు’ అని సంతకం చేస్తే చాలు, ఎన్నికల బోర్డు విచారణకి పిలుస్తుంది. ఎవరెవరు ఊరు వదిలారో తెలిసేదెలా? ఇక్కడే మన సంఘం మేధస్సు చూడు. ప్రార్థన జాబితాలు! మూడేళ్ళవి నా కంప్యూటరులోనే ఉన్నాయి. ‘మా అబ్బాయికి టెక్సస్‌లో ఉద్యోగం వచ్చింది, దేవునికి స్తోత్రం’ అని ఉందనుకో, స్తోత్రం దేవుడికి, అబ్బాయి పేరు బర్ల్ గారికి.

నిన్న ఫలహారాల దగ్గర బర్ల్ గారికీ నాకూ మధ్య ఇలా సాగింది.

“ఈ ఎర్లీన్ ఎవరు?”

“తుంటి విరిగి మేకన్ ఆస్పత్రిలో ఉన్నారండీ. జులై నుంచీ.”

“అయితే ఇంట్లో లేదు.”

“లేరు గానీ, ఆవిడ పాస్టరు గారి అత్తగారండీ.”

“చట్టం ముందు అత్తలందరూ సమానమే. రాసుకో.”

పాస్టర్ డెన్నీ అక్కడే ఉన్నారు. గ్రేవీలోకి చూస్తూ కూర్చున్నారు. నాకెందుకో ఆయన ముఖంలో ఒక ఆశలాంటిది కనబడింది.

నేను టైపు చేస్తాను, కాఫీ పోస్తాను. ఈపాటి దానికి నరకంలో వెయ్యరనుకుంటాను. మొత్తం నలభై ఒక్క పేర్లు తేలాయి. నీ పేరంటావా, మర్యాదస్తులు, ఎత్తలేదు. నీ ఉత్తరం కవరుతో సహా చొక్కా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాను.

రాయిస్ గారికి నమస్కారాలు.

ఆర్లో

*

డర్హమ్
సెప్టెంబరు 24

ఆర్లో,

మర్యాదస్తులు పేరు ఎత్తారురా.

నోటీసు వచ్చింది. రెండు పేజీలు. నేను కౌంటీ వదిలి వెళ్ళిపోయానట. విచారణ అక్టోబరు పది, గురువారం, ఉదయం పదింటికి. రాయిస్ ఆపరేషను అక్టోబరు పది, గురువారం, ఉదయం తొమ్మిదింటికి. తేదీ మార్చమని ఎన్నికల ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతలి పిల్ల చాలా మంచిగా మాట్లాడింది. మంచిగా కుదరదంది. ఉత్తరం రాసి పంపితే చాలదట. నేనే ఏడు గంటలు కారు నడుపుకుని రావాలి, లేదా నా ఇల్లు ఎరిగినవాడొకడు నా తరఫున లేచి చెప్పాలి.

ఆధారంగా ఒక నకలు జత చేశారు. అది నా కవరు. ఆగస్టు 27న నీకు రాసిన ఉత్తరం కవరు. ఎడమ వైపు పైన ఈ ఊరి చిరునామా, కుడివైపు నీ పేరు, అంతా నా దస్తూరీ. నా చేతిరాతే నా మీద సాక్ష్యం చెబుతోంది.

అది వాళ్ళ చేతికెలా వెళ్ళిందో నీకేమైనా తెలుసా? కాఫీకని ఎవరైనా ఇంటికొచ్చి ఉండొచ్చు. నువ్వు బల్ల మీద పెట్టి ఉండొచ్చు. నువ్వు ఎక్కడివక్కడ వదిలేసే మనిషివని నాకు తెలుసు.

అభ్యంతరం పెట్టినవాళ్ళ పేరూ సంతకమూ రెండో పేజీలో ఉంటాయట. కవరు రాయిస్ విప్పాడు. రెండో పేజీ చదివి, మడిచి, తన బైబిల్లో పెట్టుకున్నాడు. “ఎవర్రా?” అన్నాను. “ఆపరేషను అయ్యాక చూద్దువుగాని” అన్నాడు. నేను రెట్టించలేదు.

నువ్వు వెళ్ళి చెప్పగలవా? పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఇల్లుంది, పిల్లుంది, మా మావయ్య డిసెంబరులో వస్తాడు అంటే చాలు.

మావయ్య

*

హాలిస్ ఫెర్రీ
సెప్టెంబరు 30

మావయ్యా,

నోటీసు సంగతి చదివి నిర్ఘాంతపోయాను. కవరు విషయం నాకూ అంతుబట్టడం లేదు. నువ్వన్నట్టే జరిగుంటుంది. ఈ నెల మొదట్లో బర్ల్ గారు కాఫీకొచ్చారు. నేను డచెస్ వెంట పెరట్లోకి పరిగెత్తాను. ఆ రెండు నిమిషాల్లో ఏమైనా జరిగి ఉండొచ్చు. పిల్లిని అనుమానించడానికి కూడా అవకాశం ఉంది.

నువ్వు దిగులు పడకు. పదో తారీఖున నేనే వెళతాను. కోటు వేసుకుని, టై కట్టుకుని, సింకు మీదున్న నీ పళ్ళబ్రష్షుని బోర్డు వారి ముందు ప్రవేశపెడతాను. గుమ్మం దగ్గర నీ రబ్బరు బూట్లు, ఫ్రిజ్‌లో మీరిద్దరూ పెట్టిన పీచ్ పళ్ళ పచ్చడి సీసాలు పదకొండు, పడగ్గదిలో రాయిస్ గారి కళ్ళజోడు. ఉండని మనిషి కళ్ళజోడు అక్కడెందుకుంటుందని గర్జిస్తాను. కావలిస్తే డచెస్‌ని సంకలో పెట్టుకుని వెళతాను.

మాట ఇస్తున్నాను.

రాయిస్ గారి బైబిల్లో ఉన్న ఆ కాగితం గురించి ఎక్కువ ఆలోచించకండి. ఈ రోజుల్లో సంతకాలు ఎవరివి ఎవరు పెడుతున్నారో ఎవరికి తెలుసు.

ఆర్లో

*

హాలిస్ ఫెర్రీ
అక్టోబరు 11

మావయ్యా,

ముందు రాయిస్ గారు ఎలా ఉన్నారో రాయి. నిన్న ఉదయమంతా అదే ఆలోచన.

విచారణ గురించి చెబుతాను. కోర్టు వెనక చిన్న గది, మడత కుర్చీలు, బోర్డు సభ్యులు ముగ్గురు, పై నుంచి కారుతున్న ఏసీ కింద ఒక బకెట్టు. ఎర్లీన్ మామ్మ గారు మేకన్ నుంచి చక్రాల కుర్చీలో వచ్చారు. ఊదారంగు చెప్పులు, వాటి మీద తెల్ల బొచ్చు, ఒళ్ళో ఒక మజ్జిగ బిస్కెట్ల డబ్బా. ఆవిడ పేరు పిలవగానే, “నేను ఇల్లు మార్చుకోలేదు నాయనలారా, తుంటి మార్చుకున్నాను. కావలిస్తే చూపిస్తాను” అని దుప్పటి మీద చెయ్యి వేశారు. బోర్డు అధ్యక్షుడు వద్దు తల్లీ వద్దని కుర్చీలోంచి లేచిపోయాడు. అందరూ నవ్వారు. ఆవిడ ఓటు ఆవిడకి ఇచ్చేశారు. “మా అల్లుడేడీ?” అని వెతికారు గానీ పాస్టర్ డెన్నీ రాలేదు.

నీది ఇరవై తొమ్మిదో నంబరు. పదకొండున్నరకి వచ్చింది. అభ్యంతరం పెట్టినవారు ఉన్నారా అన్నారు. ఉన్నారు. స్వయంగా తెలుసా అన్నారు. తెలుసన్నారు. ఓటరు తరఫున ఎవరైనా ఉన్నారా అన్నారు. బకెట్లో చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నేను మాట్లాడలేకపోయాను మావయ్యా. గొంతు పట్టేసింది. రెండు రోజులుగా జలుబు. నేను కూర్చున్న చోటు నుంచి ఆ మనిషి ముఖం కూడా నాకు కనబడలేదు. అంతా ఒక నిమిషంలో అయిపోయింది. ముద్ర కొట్టేశారు.

దీనికి నేను వెయ్యి క్షమాపణలు, పదివేల క్షమాపణలు చెప్పుకుంటున్నాను. ఎలుగెత్తి చెప్పాల్సినవాడు ఎలుక పిల్లలా కూర్చున్నాడని రాయిస్ గారికి చెప్పు. ఆయన నవ్వుతారు.

ఆర్లో

*

డర్హమ్
అక్టోబరు 21

ఆర్లో,

రాయిస్ బతికి బయటపడ్డాడు. ఆరు గంటలు పట్టింది. ఇంకా గొట్టంతోనే తిండి. నిన్న రెండడుగులు వేశాడు.

నీ ఉత్తరం అతనికి చదివి వినిపించలేదు.

నేను మాత్రం నాలుగుసార్లు చదివాను. ఎర్లీన్ గారి చెప్పుల రంగు రాశావు. చెప్పుల మీద బొచ్చు రంగు రాశావు. బకెట్టులో చుక్కలు రాశావు. ఒక్క మనిషి ముఖం మాత్రం నీకు కనబడలేదు. మీ అమ్మ పర్సు గుర్తొచ్చింది.

నలభై మంది చేతులెత్తిన రోజున నాకు వచ్చింది కోపమే. దాన్ని ఎలా మొయ్యాలో తెలుసు, ఎనిమిదేళ్ళు మోశాను. ఇప్పుడు వచ్చింది కోపం కాదు. దీనికి నా దగ్గర పేరు లేదు. వీధిలో అయినవాళ్ళని చూసి నేనే పక్క సందులోకి తప్పుకున్నట్టుంది. తప్పు నాది కాకపోయినా సిగ్గు నాకే వేస్తోంది.

రెండో పేజీ ఇంకా రాయిస్ బైబిల్లోనే ఉంది. అడిగితే ఇస్తానన్నాడు. నేను అడగలేదు. ఆ పేరు ఒక ఫారం మీద చదవడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా చెబితే వింటాను.

పెళ్ళి ఇక్కడే చేసుకుంటున్నాం. వచ్చే గురువారం, కింద పియానో ఉన్న హాల్లో. ఆస్పత్రి పాస్టరమ్మ చేస్తుంది, నన్ను కోప్పడిన నర్సు సాక్షి. రాయిస్ ఇక్కడే అంటే ఈసారి నేను కాదనలేదు. కోర్టు కిటికీ అక్కడే ఉంటుంది, ఎవరో ఒకరు నిలబడతారు.

ఇంకోసారి క్షమాపణలు రాయకు. వంద చెప్పి వాటి కింద ఒకటి దాచే విద్య నీకు నేనే నేర్పాననుకుంటా, ముద్దు చేసి. ఆ వందా నాకు వద్దు. ఆ ఒక్కటి ఉంటే రాయి. నవ్వించకు.

డచెస్‌కి తిండి పెట్టు. నిన్ను మనిషి కింద లెక్కెయ్యడం లేదన్నావు. దానికి మొదటినుంచీ తెలివెక్కువ.

లైల్

*

హాలిస్ ఫెర్రీ
నవంబరు 8

లైల్ మావయ్యకీ, రాయిస్ మావయ్యకీ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మూడింటిలోనూ మొదటి వాక్యం నవ్వు పుట్టించేలాగే వచ్చింది. నాకు ఇంకో రకంగా రాయడం రాదని అప్పుడు తెలిసింది.

బర్ల్ గారు గెలిచారు. పదకొండు వందల పై చిలుకు తేడాతో. నీ ఓటు ఉన్నా ఆయనే గెలిచేవారు. మంగళవారం రాత్రి అది విని హమ్మయ్య అనుకున్నాను, ఏమీ మారలేదు కదా అని. తెల్లారి కాఫీ పెట్టుకుంటుంటే ఇంకో రకంగా తట్టింది. దేనికీ అక్కర్లేని పనికి నిన్ను ఇచ్చేశాను. అడిగినవాళ్ళకి కూడా నిజంగా అవసరం లేదు.

టమాటా మొక్కలు చావలేదు మావయ్యా. ఒక్కటి కూడా. సెప్టెంబరు అంతా కాశాయి. ట్రక్కు సీటు మీద ఏమీ ఒలకలేదు. బర్ల్ గారు కాఫీకి రాలేదు. ఆయన నీ గుమ్మం తొక్కలేదు. నాకు జలుబు చెయ్యలేదు. నేను చెప్పిన క్షమాపణల్లో ఒక్కటీ నేను చేసిన పనికి కాదు.

సెప్టెంబరు పద్నాలుగు, శనివారం. పత్రాలు పంచుకున్నారు. ‘స్వయంగా తెలుసు’ అని ఉంది కాబట్టి, ఎవరికి తెలిసినవాళ్ళవి వాళ్ళు సంతకం చెయ్యాలన్నారు. నీ పత్రం బల్ల చుట్టూ తిరిగింది. ఎవరూ తీసుకోలేదు. సిగ్గుపడ్డారనే అనుకుంటాను, వాళ్ళలో సగం మంది పెళ్ళిళ్ళకి నువ్వే వాయించావు. అది తిరిగి తిరిగి నా ముందుకొచ్చి ఆగింది.

“నీ చీటీయే కదా అబ్బాయ్, సంతకం నువ్వే పెట్టాలి” అన్నారు బర్ల్ గారు.

“మా మావయ్య డిసెంబరులో వచ్చేస్తాడండీ.”

“వచ్చాక మళ్ళీ ఓటు రాయించుకుంటాడు. ఏం, అంత ఇదిగా వెనకేసుకొస్తున్నావు? ఉత్తరాలు కూడా జేబులో పెట్టుకుని తిరుగుతున్నావు. నీదీ ఆ దారేనా ఏంటి కొంపదీసి?”

బల్ల చుట్టూ నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. “పెన్నిటివ్వండి, మా వంశ ప్రతిష్ఠ నా దస్తూరీ మీద ఆధారపడి ఉంది” అన్నాను. మళ్ళీ నవ్వారు. వీపు తట్టారు. ఆ వంశ ప్రతిష్ఠ మాట ముందు నీకు రాసిన ఉత్తరంలో వాడి చూసుకున్నదే. కవరు వాళ్ళెవరూ లాక్కోలేదు. నేనే జేబులోంచి తీసి ఇచ్చాను. లోపలి ఉత్తరం మాత్రం ఉంచుకున్నాను. అదేదో నిజాయితీ అన్నట్టు.

మొన్న ఎన్నికల ఆఫీసుకి వెళ్ళి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటానన్నాను. ఆ పిల్ల నాతో కూడా మంచిగానే మాట్లాడింది. ముద్ర పడ్డాక వెనక్కి తీసుకోవడానికి ఏమీ ఉండదంది. చర్చి ఆఫీసులో ఉద్యోగం మానేశాను. అది గొప్ప కాదు, అక్కడ కూర్చోలేక. అమ్మకి చెప్పాను. “నీకు నా పోలికే వచ్చింది” అంది అమ్మ.

అయినా ఆ శనివారం సంగతి నువ్వడిగిన ఒక్కటి కాదు. ఆ రోజు భయమేసింది. నవ్వుతారని భయపడి చేశానని చెప్పుకోవచ్చు, ఇన్నాళ్ళూ అలాగే చెప్పుకున్నాను. పదో తారీఖున అలా చెప్పుకోవడానికి కూడా లేదు. బర్ల్ గారు బయట ఎవరితోనో ఫోన్‌లో ఉన్నారు. గదిలో నన్ను ఎగతాళి చేసేవాళ్ళు ఎవరూ లేరు. ఎర్లీన్ మామ్మ గారు నాకు ఒక బిస్కెట్టు ఇచ్చి, “మీ మావయ్య కోసం వచ్చావా నాయనా, మంచి పిల్లాడివి” అన్నారు. అది చేతిలోనే ఉంది. నా పేరు మూడు ముక్కలూ పూర్తిగా పిలిచారు. అందులో నీ పేరు కూడా ఉంది. లేచి నిలబడ్డాను. అధ్యక్షుడు ముసలాయన, ఓపికగా, నా కళ్ళలోకి చూస్తూ అడిగాడు. “బాబూ, ఇది పెద్ద విషయం. లైల్ ప్రూయిట్ గారు ఆ ఇంట్లో ఉండటం లేదని నీకు స్వయంగా తెలుసా? తెలియకపోతే తెలియదని చెప్పు. తప్పేం లేదు.”

కాదనడానికి అంత వీలు నాకు ఎవరూ ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ ఉదయమే మీ సింకు దగ్గర పళ్ళు తోముకుని, మీ పిల్లికి తిండి పెట్టి, మీ తలుపుకి తాళం వేసి వచ్చాను. ఒక చేతిలో బిస్కెట్టు ఉంది. రెండో చెయ్యి జేబులో మీ ఇంటి తాళంచెవి మీద ఉంది.

“అవునండీ, నాకు తెలుసు” అన్నాను.

ఆర్లో లైల్ టిడ్‌వెల్